పరిశోధన ఇంటర్వ్యూలో మొదటి రెండు నిమిషాలు: గుమ్మం దగ్గర జరిగే పరిచయాన్ని ఎలా నడపాలి, ఎలా రాసుకోవాలి

గోదావరి డెల్టాలోని ఒక ఊళ్లో కౌలు రైతుల మీద నేను చేసిన మొట్టమొదటి ఇంటర్వ్యూ ఇలా మొదలైంది.

నేను: నమస్కారమండీ. కౌలు రైతుల గురించి పరిశోధన చేస్తున్నాను. మీరు కౌలుకు చేస్తున్నారని చెప్పారు...
ఆయన: (అరుగు వైపు ఒకసారి చూసి) కౌలేముందండీ. వాళ్ల పొలం చూసుకుంటన్నాం.
అరుగు మీద పెద్దమనిషి: మావోడేనండి. ఎప్పట్నుంచో మా దగ్గరే.

ఆ తర్వాత నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఎరువుల ధర చెప్పారు, కాలవ నీళ్ల సంగతి చెప్పారు. కౌలు అన్న మాట మాత్రం మళ్లీ ఆయన నోట రాలేదు. రాత్రి నోట్సు తిరగేస్తే నాకు కావలసింది ఒక్క ముక్క కూడా దొరకలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందా అని వెతికితే, పైనున్న ఆ మూడు మాటల దగ్గరే జరిగింది.

అరుగు మీదున్నది పొలం యజమాని. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కింద కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేస్తేనే సాగుదారు కార్డు వస్తుంది. కాగితం మీద కౌలుదారు పేరు పడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని చాలామంది యజమానులకు భయం. అందుకే ఎక్కువ కౌళ్లు నోటిమాట మీదే నడుస్తాయి. అలాంటి చోట, యజమాని వింటుండగా, నేను ఆయన్ని ‘కౌలు రైతు’ అని పిలిచాను. నా మటుకు అది మామూలు పరిచయం. ఆయన చెవికి అది సాక్ష్యం చెప్పమన్నట్టు వినిపించి ఉంటుంది. వెంటనే ‘పొలం చూసుకునేవాడు’ అన్న మాట వెనక్కి తప్పుకున్నారు. యజమాని ‘మావోడు’ అని దాన్ని ఖాయం చేశారు.

పీహెచ్‌డీ విద్యార్థులకు, స్వచ్ఛంద సంస్థల్లో సర్వేలు చేసేవాళ్లకు, గ్రామాల్లో తిరిగే విలేకరులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ప్రశ్నలు ఎలా తయారు చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటి ప్రశ్నకు ముందు జరిగేదాని గురించి నాకెవరూ చెప్పలేదు.

ముందుగా ఒక మాట అర్థం చేసుకోండి

మన పత్రికల్లో ‘సామాజిక వర్గం’ అంటే కులం అనే అర్థమే స్థిరపడిపోయింది. ఇక్కడ నేను అంతకంటే విశాలమైన అర్థంలో మాట్లాడుతున్నాను కాబట్టి ‘కోవ’ అంటాను. వయసు, ఆడా మగా, పెళ్లి, ఊరు, యాస, చదువు, ఉద్యోగం, మతం, కులం: ఎదుటి మనిషిని చూడగానే మనం వేసుకునే లెక్కలన్నీ కోవలే. ఒకే మనిషి ఒకే సమయంలో తల్లి, వితంతువు, డ్వాక్రా సభ్యురాలు, ఉపాధి హామీ కూలీ, ఆ ఊరి కోడలు. అన్నీ నిజమే. వీటిలో ఏ పేరుతో పలకరించామన్నదాన్ని బట్టి ఆమె ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో తేలిపోతుంది.

దీన్ని శ్రద్ధగా పట్టించుకున్నవాడు హార్వీ శాక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు ఫోన్ చేసే ఒక కేంద్రానికి వచ్చిన కాల్స్ రికార్డింగులను ఆయన పరిశీలించాడు. ఫోన్ ఎత్తినవాళ్లు ముందుగా తమ పేరు చెబితే, అవతలివాళ్లు కూడా సాధారణంగా పేరు చెప్పేవారు. ఒక కాల్‌లో మాత్రం అవతలి మనిషి పేరు చెప్పలేదు, ‘వినబడటం లేదు’ అన్నాడు. సిబ్బంది మళ్లీ పేరు చెప్పారు, అతను ఆ పేరునే తిరిగి పలికి ఊరుకున్నాడు. పేరు చెప్పాల్సిన చోటు అలా దాటిపోయింది. పేరు ఇవ్వనని ఒక్కసారి కూడా అనకుండానే పేరు ఇవ్వకుండా తప్పించుకున్నాడని శాక్స్ చూపించాడు. మా డెల్టా రైతు ‘కౌలేముందండీ’ అన్న మాటను ఇప్పుడు చదువుతుంటే నాకు ఆ ఫోన్ కాలే గుర్తొస్తుంది.

మొదటి పని: బయల్దేరే ముందు మీ మీద మీరే ఒక పేజీ రాసుకోండి

ఆ ఊళ్లో మీరు దిగగానే జనం ఏం చూస్తారో రాయండి. కారులో దిగుతారా, ఆర్టీసీ బస్సు దిగి నడిచి వస్తారా? మెడలో ఐడీ కార్డు ఉందా? చేతిలో ట్యాబ్ ఉందా? కాలికి మెట్టెలున్నాయా? ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుందా? మీ యాస ఏ జిల్లాది?

తర్వాత, ఈ మధ్య ఆ ఊరికి ఇలాగే వచ్చి ప్రశ్నలు అడిగినవాళ్లెవరో కనుక్కోండి. ఇది చాలామంది చేయరు, చేయాల్సింది ఇదే. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. 2024 నవంబరులో ఇంటింటికీ కులగణన సర్వే మొదలైంది. ఇవి చూసినవాళ్లకు కాగితం పట్టుకుని వచ్చిన మనిషి ముందుగా ప్రభుత్వం మనిషే. ఏం చెబితే రేషన్ కార్డు పోతుందో, ఏం చెబితే పింఛను వస్తుందో అన్న లెక్క వాళ్ల మనసులో నడుస్తుంది. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉంది. మైక్రోఫైనాన్స్ కిస్తీల వసూళ్లు శ్రుతి మించి, 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్లింది. ఆ రోజులు చూసినవాళ్లకు, బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి పేరు అడిగే కుర్రాణ్ని చూస్తే టెన్షన్ రావడం సహజం.

మీరు ఏ కోవలో పడబోతున్నారో ముందే తెలిస్తే, దాన్ని మొదటి వాక్యంలోనే సరిచేయవచ్చు.

రెండో పని: మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తున్నారో తేల్చుకోండి

సర్పంచ్ మనిషి వెంట వెళ్తే మీరు సర్పంచ్ మనిషే. ఆశా కార్యకర్త వెంట వెళ్తే ఆసుపత్రి మనిషి. దీని గురించి నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ జెరాల్డ్ బెర్రెమన్‌ది. ఈ అమెరికన్ మానవశాస్త్రవేత్త 1957-58లో డెహ్రాడూన్ దగ్గర ఒక కొండ ఊళ్లో పనిచేశాడు. మొదట్లో ఆయనకు సాయంగా ఉన్నది ఒక బ్రాహ్మణ యువకుడు. కొన్ని నెలల తర్వాత అతని ఆరోగ్యం పాడైతే, ఒక ముస్లిం ఉపాధ్యాయుడు ఆ పనిలోకి వచ్చాడు. ఊరు అదే, అడిగే మనిషీ అతనే. అయినా జనం మాట మారిపోయింది. మాంసం, సారా, జంతుబలుల వంటివి బ్రాహ్మణుడి ముందు దాచిపెట్టిన ఊరివాళ్లు కొత్త మనిషి ముందు అంత దాచలేదు. తక్కువ కులాలవాళ్లు కూడా మునుపటికంటే చనువుగా మాట్లాడారు. బెర్రెమన్ ఈ సంగతిని 1962లో వివరంగా రాశాడు.

దీన్నుంచి నేను తీసుకున్న పద్ధతి చెబుతాను. ఒకే దారిలో ఊళ్లోకి వెళ్లను. సర్పంచ్‌కు మర్యాదగా చెప్పి అనుమతి తీసుకుంటాను, కానీ ఆయన పంపిన మనిషితో ఎస్సీ కాలనీకి వెళ్లను. కాలనీకి వేరే రోజు, అక్కడివాళ్లలో ఎవరో ఒకరి ద్వారా వెళ్తాను. వీలైతే ముందు అక్కడికే వెళ్తాను. పెద్ద వీధిలో రెండు రోజులు గడిపి కాలనీకి వెళ్తే, ‘వాళ్ల ఇంట్లో దిగిన సారు’ అన్న పేరు మీకంటే ముందే అక్కడికి చేరిపోతుంది.

మూడో పని: మొదటి వాక్యాన్ని రాసుకుని, బయటికి చదివి చూసుకోండి

‘సర్వే’ అన్న మాట మానేయండి. ‘పరిశోధన’ అంటే చాలామందికి అంతుపట్టదు. నేను ఇప్పుడు వాడే మాటలివి: “నమస్కారమండీ. నేను యూనివర్సిటీలో చదువుకుంటున్నాను. ప్రభుత్వం తరఫున రాలేదు, బ్యాంకు తరఫునా రాలేదు. మీరు చెప్పినందువల్ల కార్డులు రావడం, పోవడం ఉండదు. వ్యవసాయం ఎలా సాగుతోందో మీ దగ్గర తెలుసుకుని రాసుకుందామని వచ్చాను.”

ఇందులో మూడు పనులు జరుగుతున్నాయి. ‘చదువుకుంటున్నాను’ అనడంతో నేను నేర్చుకునే మనిషినయ్యాను, ఎదుటివాళ్లు తెలిసినవాళ్లయ్యారు. ‘ప్రభుత్వం కాదు, బ్యాంకు కాదు’ అనడంతో రెండు భయాలు కాస్త తగ్గాయి. ఇక ‘మీరు ఫలానా’ అని ఎక్కడా అనలేదు. ‘కౌలు రైతు’, ‘బాధితురాలు’, ‘లబ్ధిదారు’, ‘ఒంటరి మహిళ’ లాంటి పేర్లు మన ఫారాల్లో ఉంటాయి. వాటిని ఫారంలోనే ఉంచండి. వాళ్లు తమను తాము ఏమనుకుంటారో వాళ్ల నోటే రానివ్వండి. ఆ మాట వచ్చిన క్షణమే మీకు దొరికే అసలు సమాచారం.

ఇంకో చిన్న ప్రశ్న కూడా జాగ్రత్త. ‘ఇంటి యజమాని ఉన్నారా?’ అని అడిగారంటే గుమ్మంలో ఉన్న ఆవిడ లోపలికి వెళ్లి మగమనిషిని పంపుతుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డుకు ఇంటిపెద్ద 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దావిడే. ఆ కార్డు ఆవిడ పేరు మీదే ఉన్నా సరే, ‘యజమాని’ అన్న మాట వినగానే పిలుపు వెళ్లేది భర్తకో కొడుక్కో. ఆయన వచ్చి ‘ఆవిడకేం తెలుసండీ, నన్నడగండి’ అన్నాక ఆ ఇంటర్వ్యూ ఆవిడ చేతిలోంచి జారిపోయినట్టే. మీకు ఆడవాళ్ల మాట కావాలంటే ‘మీతోనే మాట్లాడాలని వచ్చానండీ’ అని ఆవిడ మొహం చూసి చెప్పండి.

నాలుగో పని: ‘మీరేమిటోళ్లు?’ అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి

సూటిగా కులం అడిగేవాళ్లు తక్కువ. ‘మీదే ఊరు?’, ‘ఇంటిపేరేంటి బాబూ?’, ‘అక్కడ ఎవరి తాలూకు?’ అంటూ ఒక్కో మెట్టూ దిగి వస్తారు. చివరికి ‘మనోళ్లేనా?’ దగ్గర ఆగుతారు. ఆడపిల్లలకైతే మధ్యలో ‘పెళ్లయిందా? పిల్లలెంతమంది?’ కూడా ఉంటుంది. ఈ ప్రశ్నలను అడ్డంకులుగా చూడకండి. మీరు వాళ్ల జీవితం గురించి అడగడానికి వచ్చారు, వాళ్లు ముందు మీ గురించి అడుగుతున్నారు. అది న్యాయమే.

ఎలా జవాబివ్వాలి? నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: అబద్ధం చెప్పకండి. ఒక ఊళ్లో చెప్పిన అబద్ధం పక్క ఊళ్లో బయటపడుతుంది. దాంతో మీ మాటే కాదు, మీ తర్వాత వచ్చే విద్యార్థి మాట కూడా నమ్మరు. ‘అందరం మనుషులమే కదండీ’ అని దాటేయడం కూడా నాకు నచ్చదు. అలా దాటేసినా మర్యాద దక్కేది సాధారణంగా పై కులాలవాళ్లకే. ఎదుటివాళ్లు అది కనిపెడతారు.

అయితే ఈ సలహా అందరికీ ఒకే ధరకు రాదు. దళిత పరిశోధకులకు నిజం చెబితే గడప దాటనివ్వకపోవచ్చు, అద్దెకు గది దొరకకపోవచ్చు, ఒక్కోసారి ప్రమాదమూ ఉండవచ్చు. ‘నిజం చెప్పు’ అని వాళ్ల మీద బరువు పెట్టే హక్కు మార్గదర్శికి లేదు. ఎవరు ఏ ఇంటికి, ఎవరితో కలిసి వెళ్తారో జట్టంతా ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ జవాబు చెప్పాలో లేదో నిర్ణయించుకునేది మాత్రం ఆ విద్యార్థే.

‘మనోళ్లే’ అని తేలినప్పుడు ఇంకో రకం ఇబ్బంది ఉంది. మాట సాఫీగా సాగుతుంది, కాఫీ వస్తుంది, కానీ ‘నీకు తెలియందేముంది’ అంటూ ముఖ్యమైనవన్నీ వదిలేస్తారు. అప్పుడు నేను అనే మాట ఇది: “తెలుసనే అనుకోండి, అయినా మీ నోటితో చెబితే అలాగే రాసుకుంటాను.” ఈ ఒక్క వాక్యం నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది.

ఐదో పని: కుర్చీని, మంచినీళ్లను గమనించండి

ఒకసారి ఎస్సీ కాలనీలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, వేపచెట్టు కింద వేసింది. తను గడప పక్కన నేల మీద కూర్చుంది. మనవణ్ని పిలిచి, చేతిలో నోటు పెట్టి, కొట్టు నుంచి కూల్‌డ్రింక్ తెమ్మంది. మంచినీళ్లు చాలమ్మా అన్నాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి, ‘మా ఇంట్లో నీళ్లు తాగుతారా?’ అని అడిగింది.

రికార్డర్ అప్పటికి బ్యాగులోనే ఉంది. నా జాబితాలోని ఒక్క ప్రశ్న కూడా ఇంకా అడగలేదు. కానీ ఆ ఊరి గురించి నేను తెలుసుకోవాల్సిందంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మూత తీయని సీసా ఎవరింట్లోనైనా తాగొచ్చు, బిందెలో నీళ్లు అలా కాదు. ఆవిడ నన్ను ఏ కోవలో పెట్టిందో, ఆ కోవ మనుషులతో ఆవిడకు ఇంతకుముందు ఏం అనుభవమైందో, నన్ను నొప్పించకుండా, తను నొచ్చుకోకుండా దారి ఎలా చూసిందో, అన్నీ అందులో ఉన్నాయి. నేను నీళ్లు తాగి కుర్చీ పక్కకు జరిపి కింద కూర్చున్నాను. ఆవిడ వద్దని రెండుసార్లు అంది. కింద కూర్చున్నంత మాత్రాన సమానమైపోయామని నేను అనుకోలేదు. ఆవిడ ఇబ్బంది పడుతోందని తెలిసి, కాసేపటికి ఇద్దరం గడప మెట్టు మీదికి మారాం.

కాబట్టి: కుర్చీ ఎవరు వేశారు, ఎన్ని వేశారు, ఎవరు నిలబడ్డారు, ఏం ఇచ్చారు, ఏ గ్లాసులో ఇచ్చారు. ఇవన్నీ రాయండి.

ఆరో పని: పిలుపు సరిచూసుకోండి

తెలుగులో మనిషిని పిలవకుండా వాక్యం పూర్తి కాదు. నువ్వా మీరా, గారు ఉందా లేదా, అక్కా పిన్నీ పెద్దమ్మా, అన్నా బాబాయ్ తాతా. పిలుపులో వరస పెట్టడమంటే ఒక కోవలో కూర్చోబెట్టడమే. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు ‘ఎప్పుడొచ్చినవ్ బిడ్డా’ అంటే అది ఆప్యాయత. దాన్ని అగౌరవంగా రాసుకోకండి. అదే చనువుతో మీరు తిరిగి ‘నువ్వు’ అనడం మాత్రం వేరే సంగతి. బయటినుంచి వచ్చినవాళ్లు ‘మీరు’తోనే ఉండటం మేలు.

ఊళ్లో అందరూ ఏకవచనంతో పిలిచే పెద్దాయన్ని మీరు పేరు చివర ‘గారు’ పెట్టి పిలిస్తే చుట్టూ ఉన్నవాళ్లు తలతిప్పి చూస్తారు. ఆయన కూడా మొదట ఇబ్బంది పడొచ్చు. అయినా మానకండి. ఎవరు తలతిప్పారో అది కూడా రాసుకోండి.

మిమ్మల్ని వాళ్లు ఏమని పిలుస్తున్నారో, అది ఎప్పుడు మారిందో గమనించండి. ‘మేడమ్’ అన్నంతసేపూ ఇల్లు మంజూరు, పింఛను గురించి అడుగుతారు. మేడమ్ అన్న మనిషి చేసే పనులు అవే కదా. ‘అమ్మాయ్’ అన్నాక కోడలి గురించి చెబుతారు.

ఏడో పని: సంతకం అడిగే సమయం చూసుకోండి

అనుమతి తీసుకోవడం తప్పనిసరి, అందులో రాజీ లేదు. కానీ మొదటి నిమిషంలోనే ఫారం తీసి సంతకమో వేలిముద్రో అడిగితే మీరు మళ్లీ అప్పు కాగితాల మనిషే. యూనివర్సిటీ నైతిక కమిటీ ఒప్పుకుంటే నోటిమాట అనుమతిని రికార్డు చేసుకునే పద్ధతి పెట్టుకోండి. అడగకుండా రికార్డర్ ఆన్ చేయడం మాత్రం ఎప్పుడూ తప్పే. దాంతో మొదటి రెండు నిమిషాలు రికార్డులో ఉండవు. అందుకే తర్వాతి పని.

ఎనిమిదో పని: బస్సు ఎక్కే లోపే ఆరంభాన్ని రాయండి

ఇంటర్వ్యూ అయ్యాక రాత్రి వరకు ఆగకండి. రోడ్డు మీదికి రాగానే ఒక చెట్టు కింద నిలబడి, మొదట జరిగిందంతా వరసగా రాయండి. ‘చక్కగా పలకరించారు’ లాంటి సారాంశం వద్దు. అన్న మాటలు అన్నట్టే, చూపులతో సహా. నా పుస్తకంలో ప్రతి ఇంటర్వ్యూకు మొదటి పేజీ దీనికే వదిలేస్తాను.

మరో ముఖ్యమైన సంగతి: ఆరంభాన్ని తెలుగులోనే రాయండి, వెంటనే ఇంగ్లిష్‌లోకి మార్చకండి. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. మేము అంటే మీరు బయట, మనం అంటే మీరూ లోపల. ఇంగ్లిష్‌లోకి మార్చగానే రెండూ ఒకటే మాట అయిపోతాయి. ఎదుటివాళ్లు మిమ్మల్ని ఎక్కడ ఉంచారో చెప్పే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు అలా చెరిగిపోతుంది. ‘మా ఊళ్లో ఇలాగేనండి’ అన్న మనిషి పావుగంట తర్వాత ‘మన రైతు పరిస్థితి ఇదీ’ అంటే మధ్యలో ఏదో జరిగింది. వెనక్కి వెళ్లి వెతకండి. ‘మాబోటివాళ్లం’, ‘మాలాంటోళ్లకి’ అన్న మాటల కింద గీత గీయండి. వాళ్ల కోవకు వాళ్లే పెట్టుకున్న పేర్లవి, మీ ఫారంలో ఉండవు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లను వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ ‘ఇండియాలో ఏ ఊరండీ?’, ‘ఇంజినీరింగ్ ఎక్కడ చేశారు?’ అన్నవి ఇంటిపేరు అడిగినంత పనీ చేస్తాయి. అరుగు మీద మనిషికి బదులు కెమెరాకు అవతల వినేవాళ్లు ఉండొచ్చు. పక్కన ఎవరైనా ఉన్నారా అని మర్యాదగా ముందే అడగండి.

తొమ్మిదో పని: మళ్లీ వెళ్లండి

ఒక్క ఆరంభంతో ఏదీ తేల్చకూడదు. నాలుగు రోజుల తర్వాత ఆ డెల్టా రైతు దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి ఇంటికి కాదు, పొద్దున్నే పొలం గట్టు మీదికి. వెంట ఎవరూ లేరు. కౌలు మాట ఎత్తలేదు.

నేను: ఊడుపులు అయిపోయాయాండీ?
ఆయన: మొన్న అయిపోయినియ్యండి. ఈ ముక్క ఒక్కటీ మిగిలింది.
నేను: ఇదంతా మీరే చేస్తున్నారా?
ఆయన: మేమేనండి. మా నాన్న కాణ్ణుంచీ. (కాసేపు ఆగి) చేసేది మేం, పాసుబుక్కు ఆరిది.

‘ఆరిది’ అంటే యజమానిది. ఎకరానికి ఎన్ని బస్తాలు ఇవ్వాలో, పంట మునిగిన ఏడాది ఏమైందో, కార్డుకు సంతకం అడిగితే ఏమన్నారో అడగకుండానే చెప్పారు. ‘కౌలు రైతు’ అని ఆ రోజు కూడా తనను తాను అనుకోలేదు. ‘చేసేవాళ్లం’ అన్నారు. నా నోట్సులో అప్పటిదాకా ‘కౌలు రైతు’ అని ఉన్న చోటల్లా ఆ సాయంత్రం కొట్టేసి, ఎవరెవరు తమను ఏమని చెప్పుకున్నారో పక్కన రాయడం మొదలుపెట్టాను.